వానాకాలంలో కలిసి వినడానికి ఏ సైన్స్ ఫిక్షన్ నవల? కిమిడి, బరంపురం, రాయగడ వైపు పాఠకులు చెప్పండి

కిమిడి పాఠకుడు

అందరికీ నమస్కారం. ఈ వానాకాలం ఆదివారం సాయంత్రాలు మా వీధి వాళ్లందరినీ కూర్చోబెట్టి ఒక సైన్స్ ఫిక్షన్ నవల మొదలు నుంచి చివరిదాకా వినిపించాలని అనుకుంటున్నాం. ఎనిమిదో తరగతి పిల్లల దగ్గర్నుంచి కాలేజీ వాళ్ల దాకా వస్తారు. వాళ్లతో పాటు ఒకరిద్దరు అమ్మమ్మలు కూడా. పర్లాకిమిడి సంగతి మీకు తెలిసిందే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గానీ తెలుగు పుస్తకం ఇస్తే కూడబలుక్కుని చదువుతారు. అందుకని ఇంగ్లీషు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వారానికి కొన్ని అధ్యాయాలు తెలుగులో చెప్పుకుంటూ పోవాలని ఆలోచన. చెవితో విన్నా పట్టు సడలని నవల కావాలి.

నా ఓటు ఆర్థర్ సి. క్లార్క్ 'రెండెజ్వూ విత్ రామా'కి (1973). 2131లో సూర్యుడి వైపు దూసుకొస్తున్న ఒక వస్తువు కనిపిస్తుంది. గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అప్పటికే అన్నీ వాడేశారు గనక ఖగోళ శాస్త్రవేత్తలు మన పురాణాల పేర్లు పెడుతుంటారు. దీనికి రాముడి పేరు పడుతుంది. తీరా చూస్తే అది గ్రహశకలం కాదు, 50 కిలోమీటర్ల పొడవున్న డొల్ల స్తంభం. ఎవరో కట్టినది. కెప్టెన్ నార్టన్, అతని మనుషులు తలుపు తీసుకుని లోపలికి దిగుతారు. కటిక చీకటి. ఎక్కడ ఏముందో తెలీదు. ఈ ఒక్క దృశ్యంతో వీధి మొత్తాన్ని కూర్చోబెట్టొచ్చని నా నమ్మకం.

మీకు నచ్చింది చెప్పండి. రామా వద్దనేవాళ్లు ఎందుకు వద్దో కూడా చెప్పండి.

రాయగడ లెక్కల మాస్టారు

మంచి పని బాబూ. నేను రామా వైపే. ఆ పుస్తకంలో లెక్క తప్పదు.

రామా లోపలి వ్యాసం 16 కిలోమీటర్లు. అంటే వ్యాసార్ధం 8 వేల మీటర్లు. నాలుగు నిమిషాలకి ఒక చుట్టు తిరుగుతుంది. ఆ తిరగడం వల్లే లోపలి గోడ మీద మనుషులు నిలబడగలుగుతారు. చుట్టుకొలతని 240 సెకండ్లతో భాగిస్తే గోడ వేగం సెకనుకి 209 మీటర్లు వస్తుంది. ఆ వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే దాదాపు 5.5. భూమ్మీద మన బరువుకి కారణమైన అంకె 9.8. అంటే అక్కడ మన బరువు సగానికి కాస్త ఎక్కువ. మధ్య ఇరుసు దగ్గర అసలు బరువే ఉండదు. మెట్లు దిగేకొద్దీ బరువు పెరుగుతుంటుంది. ఇది తొమ్మిదో తరగతి పిల్లలతో బోర్డు మీద చేయించొచ్చు. కథ వింటూ లెక్క చేసుకునే అవకాశం ఇంకే నవల ఇస్తుంది?

గోపాల్‌పూర్ గాలి

మాస్టారూ, లెక్క సరే. మనుషులేరి? రామా చదివి పుస్తకం మూసాక నార్టన్ ఎలాంటి మనిషో ఎవరైనా చెప్పగలరా? అతనికి దేనంటే భయం? ఎవరి మీద బెంగ? రెండు గ్రహాల మీద రెండు కుటుంబాలున్నాయని క్లార్క్ చెప్తాడు, అంతటితో వదిలేస్తాడు. పన్నెండేళ్ల పిల్లలు వారం వారం తిరిగొచ్చేది లెక్క కోసం కాదు. వాళ్లకి ఇష్టమైన మనిషికి ఏమైందో తెలుసుకోవాలని వస్తారు.

నేను ఉర్సులా లె గ్విన్ 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' (1969) చదవమంటాను. గెథెన్ అనే మంచు గ్రహం. అక్కడి వాళ్లు ఏడాది పొడవునా ఆడా కాదు, మగా కాదు. నెలలో కొన్ని రోజులు మాత్రం ఏదో ఒకటి అవుతారు. ఈసారి తల్లి అయినవాళ్లు మరోసారి తండ్రి కావచ్చు. అలాంటి చోటికి జెన్లీ ఆయ్ అనే మనిషి దూతగా వెళ్తాడు. అతన్ని నమ్మిన ఒకే ఒక్కరు ఎస్త్రవెన్. జెన్లీ మాత్రం ఎస్త్రవెన్‌ని నమ్మడు. ఆఖరికి ఇద్దరూ కలిసి స్లెడ్జి లాక్కుంటూ మంచు ఎడారి దాటుతారు. ఆ ప్రయాణం చదువుతుంటే నాకు ఊపిరి ఆడలేదు. తిండి ఎంత మిగిలింది, ఈ రోజు ఎన్ని మైళ్లు నడిచాం, గుడారంలో ఎవరు ఏం మాట్లాడారు. ఆ నవల్లో ఉన్నదంతా ఇద్దరు మనుషుల మధ్య నమ్మకమే.

కిమిడి పాఠకుడు

అక్కా, ఆ నవల నాకూ ప్రాణమే. కాకపోతే ఆ ఆడ, మగ సంగతి ఎనిమిదో తరగతి పిల్లల ముందు, అమ్మమ్మల ముందు ఎలా చెప్పాలా అని టెన్షన్.

గోపాల్‌పూర్ గాలి

అమ్మమ్మల గురించి బెంగపడకండి. అర్ధనారీశ్వరుడికి దణ్ణం పెట్టుకునే వాళ్లు, మోహిని కథ, శిఖండి కథ విని పెరిగినవాళ్లు. వాళ్లకి ఎస్త్రవెన్ మనకన్నా తొందరగా అర్థమవుతాడు. పిల్లలకి చెప్పడానికి ఇబ్బంది పడేది మనలాంటి మధ్య వయసు వాళ్లం.

సునాబెడ ఫిట్టరు

నేను ఇంజిన్ల పనిలో ఉండి రిటైర్ అయినవాణ్ణి. చేత్తో పని చేసినవాడికి నచ్చే పుస్తకం ఒకటే, ఆండీ వీర్ 'ది మార్షియన్'. సినిమా 2015లో వచ్చింది, చూసే ఉంటారు. అయినా నవల వేరు. రచయిత మొదట తన వెబ్‌సైట్‌లో ఒక్కో అధ్యాయం ఊరికే పెట్టుకుంటూ పోయాడు. తర్వాత 2011లో సొంతంగా ఈబుక్‌గా వేసుకున్నాడు. 2014లో గానీ పెద్ద పబ్లిషర్ అచ్చు పుస్తకం తేలేదు.

అంగారకుడి మీద వాట్నీ అనే వ్యోమగామి ఒంటరిగా మిగిలిపోతాడు. తిండికి బంగాళాదుంపలు వేస్తాడు. దుంపలకి నీళ్లు కావాలి. రాకెట్ ఇంధనం హైడ్రజీన్ మిగిలి ఉంది. దాన్ని ఉత్ప్రేరకం మీదుగా పంపి నైట్రోజన్, హైడ్రోజన్ విడదీసి, ఆ హైడ్రోజన్‌ని కాల్చి నీళ్లు చేస్తాడు. ఒకసారి లెక్క తప్పి పేలుతుంది కూడా. మళ్లీ మొదలుపెడతాడు. మా షాపులో కుర్రాళ్లకి నేను నేర్పింది ఇదే. చెడిపోయిన దగ్గర కూర్చుని ఏడవకు, ఎందుకు చెడిందో చూడు. పిల్లలకి ఇంతకన్నా పనికొచ్చే నవల లేదు. పైగా అది డైరీలాగా ఉంటుంది, చదివి వినిపించడానికి సులువు.

రాయగడ లెక్కల మాస్టారు

దుంపల దాకా ఒప్పుకుంటాను. మొదటి అధ్యాయం సంగతేంటి? పెనుగాలికి యాంటెన్నా విరిగి వాట్నీకి గుచ్చుకుంటుంది, రాకెట్ ఒరిగిపోతుందని మిగతావాళ్లు వెళ్లిపోతారు. అంగారకుడి మీద గాలి పీడనం మన భూమ్మీది దాంట్లో నూటికి ఒకవంతు కూడా లేదు. అక్కడ ఎంత వేగంగా గాలి వీచినా ఒంటికి మెల్లగా తగులుతుంది. రాకెట్‌ని పడగొట్టదు. రచయితకీ ఇది తెలుసు, కథ కోసం ఉంచేశానని ఆయనే చెప్పాడు. సైన్స్ మీద నిలబడే నవల పునాదే సైన్స్‌కి విరుద్ధమైతే ఎలా?

సునాబెడ ఫిట్టరు

మాస్టారూ, ఒక్క గాలి తప్పుకి 300 పేజీల పనితనం కొట్టేస్తారా? అతన్ని అక్కడ వదిలెయ్యడానికి ఏదో ఒకటి జరగాలి. ఆ తర్వాత అడుగడుగునా నిజాయితీగా ఉన్నాడా లేదా అన్నదే నేను చూస్తాను.

గోపాల్‌పూర్ గాలి

గాలి మాట వచ్చింది కాబట్టి రామా గురించి నేనే ఒక మంచి మాట చెప్తాను. అందులో మా ఊరివాళ్లకి ఒళ్లు జలదరించే చోటు ఒకటుంది. రామా సూర్యుడికి దగ్గరయ్యేకొద్దీ బయటి పెంకు వేడెక్కుతుంది. ఆ వేడి మెల్లమెల్లగా లోపలికి దిగుతుంది. లోపల గడ్డకట్టిన సముద్రం అడుగు నుంచి కరగడం మొదలవుతుంది. గోడ దగ్గర గాలి వేడెక్కి ఇరుసు వైపు లేస్తుంది. మాస్టారు చెప్పిన సెకనుకి 209 మీటర్ల వేగం ఆ గాలికి కూడా ఉంటుంది కదా. అది మధ్యకి చేరేసరికి అక్కడ వేగం ఉండదు. ఆ తేడాకి లోపల తుఫాను పుడుతుంది. బయటున్న శాస్త్రవేత్తలు లెక్క గట్టి, అందరూ బయటికి వచ్చెయ్యమని ముందే హెచ్చరిక పంపుతారు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. హెచ్చరిక ముందే రావడం వల్ల, లక్షల మందిని ముందే తరలించడం వల్ల ఎన్ని ప్రాణాలు దక్కాయో మా అందరికీ తెలుసు. ఆకాశంలో ఇంకా ఏమీ లేకుండానే, అంకెలు చూసి వచ్చెయ్యండి అని చెప్పేవాళ్ల విలువ తెలిసినవాళ్లం. ఆ అధ్యాయం మాత్రం క్లార్క్ అద్భుతంగా రాశాడు. నాకు ఆయన సైన్స్ మీద కోపం లేదు. అంత గొప్ప తుఫాను పుట్టించి, అందులో చిక్కుకున్న మనిషి గుండెలోకి మాత్రం చూడలేదే అన్నదే నా బాధ.

కిమిడి పాఠకుడు

2018 తిత్లీ తుఫాను అప్పుడు మా గజపతి జిల్లా పడిన అవస్థ ఇక్కడి పిల్లలకి కళ్లముందే ఉంది. కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఆ అధ్యాయం వచ్చినప్పుడు మా వరండాలో ఎవరూ కదలరు. అక్కా, మీరే రామాకి ఓటు వేసినట్టయింది.

గుణుపురం నర్సు

ఆలస్యంగా వచ్చాను, నైట్ డ్యూటీ. ఇంతసేపూ అందరూ రోదసి గురించే మాట్లాడుతున్నారు. కజువో ఇషిగురో 'నెవర్ లెట్ మి గో' (2005) ఎవరూ ఎత్తలేదేం? ఆయనకి 2017లో నోబెల్ కూడా వచ్చింది.

హెయిల్‌షమ్ అనే బోర్డింగ్ స్కూల్. కేథీ, రూత్, టామీ అక్కడ పెరుగుతారు. బొమ్మలు వేస్తారు, పోట్లాడుకుంటారు, అలుగుతారు. వాళ్లు క్లోన్లు, అంటే వేరే మనుషులకి నకళ్లుగా పుట్టించినవాళ్లు. పెద్దయ్యాక తమ అవయవాలు ఒక్కొక్కటిగా ఇచ్చి చనిపోవడానికే పెంచుతున్నారు. ఈ సంగతి ఎవరూ ఒక్కసారిగా బయటపెట్టరు. వాళ్లకి తెలిసీ తెలియనట్టే పెరుగుతుంది. అక్కడ చచ్చిపోవడం అనరు. పూర్తయింది అంటారు. వార్డులో పని చేసినదాన్ని, ఆ మాట దగ్గర పుస్తకం పక్కన పెట్టేశాను. మళ్లీ తెరవడానికి కొంతకాలం పట్టింది.

రాయగడ లెక్కల మాస్టారు

అమ్మా, మంచి నవలే. అందులో సైన్స్ ఎక్కడుంది? క్లోనింగ్ ఎలా చేస్తారు, ఏ అవయవం ఎన్నాళ్లు పనిచేస్తుంది, ఒక్క వాక్యం లేదు. నాలుగో దానం దాకా మనిషి ఎలా బతికుంటాడో కూడా చెప్పడు. దాన్ని సైన్స్ ఫిక్షన్ అనడం నాకు మనస్కరించదు.

గుణుపురం నర్సు

మాస్టారూ, ఆపరేషన్ ఎలా చేస్తారో చెప్పడం సర్జన్ల పుస్తకం పని. ఆ ఆపరేషన్ చేయగలిగే లోకంలో ఎవరి ఒళ్లు ఎవరికి పనికొస్తుంది, ఎవరిని మనిషిగా లెక్కేస్తారు అని అడగడం నవల పని. మేరీ షెల్లీ 1818లో 'ఫ్రాంకెన్‌స్టయిన్' రాసినప్పుడు అందులోని శాస్త్రవేత్త తను చేసిన మనిషికి ప్రాణం ఎలా పోశాడో చెప్పిందా? ఆ రహస్యం చెప్పను అని ఫ్రాంకెన్‌స్టయిన్ చేతే అనిపించింది. పుట్టించినవాడు బిడ్డని వదిలేసి పారిపోవడమే ఆమె రాసిన కథ. చాలామంది సైన్స్ ఫిక్షన్‌కి మొదలు అని చెప్పేది ఆ పుస్తకాన్నే. దాన్ని ఉంచి ఇషిగురోని తీసేస్తామంటే నేను ఒప్పుకోను.

సునాబెడ ఫిట్టరు

నాకు ఒక్కటే మింగుడు పడలేదమ్మా. వాళ్లు పారిపోరేం? కార్లు నడుపుతారు, ఊళ్లు తిరుగుతారు, కంచె లేదు, కాపలా లేదు. వాట్నీ అయితే ఊరుకునేవాడా?

గుణుపురం నర్సు

వాట్నీ కోసం భూమి మొత్తం ఎదురుచూస్తోంది. కేథీ కోసం ఎవరున్నారు? ఎక్కడికని పారిపోతుంది? చిన్నప్పటి నుంచీ నీ బతుకు ఇంతే అని మెత్తగా, ప్రేమగా చెప్పి పెంచితే మనుషులు కంచె లేకుండానే ఆగిపోతారు. రోజూ చూస్తూనే ఉంటాను. పక్క ఊరికి పంపిస్తే నయమవుతుందని తెలిసి కూడా, మా రాత ఇంతేలెమ్మా అని మంచం మీదే ఉండిపోయేవాళ్లు ఉన్నారు. ఇషిగురో రాసింది వాళ్ల గురించే అనిపిస్తుంది నాకు.

కిమిడి పాఠకుడు

దీనికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఇది ఎనిమిదో తరగతి పిల్లలకి కాదు, కాలేజీ వాళ్లకి వేరుగా పెడదాం.

ప్రాణహిత ఒడ్డు

నేను సిరొంచ నుంచి. గడ్చిరోలి జిల్లా. మాదీ మీ పరిస్థితే, కాకపోతే ఒడియా బదులు మరాఠీ. అందుకే చెప్తున్నాను, మీ పిల్లలు బడిలో చదువుకునే భాషని పక్కన పెట్టకండి. నేను సైన్స్ ఫిక్షన్‌లోకి వచ్చిందే మరాఠీలో జయంత్ నార్లీకర్ గారి వల్ల. ఆయన ప్రపంచానికి తెలిసిన ఖగోళ శాస్త్రవేత్త. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ కథల పోటీకి తన పేరు చూసి బహుమతి ఇవ్వకూడదని, పొడి అక్షరాలు తిరగేసి నారాయణ్ వినాయక్ జగతాప్ అనే పేరుతో కథ పంపారు. మొదటి బహుమతి వచ్చింది. నిరుడు కాదు మొన్న కాదు, అప్పట్నుంచీ మరాఠీలో ఈ తరహా రచనకి ఒక గౌరవం ఏర్పడింది. ఆయన 2025 మేలో పోయారు.

వానాకాలానికి ఆయన 'వామన్ పరత్ న ఆలా' చెప్తాను. భూమి లోతుల్లో తవ్వుతుంటే ఎప్పటిదో నాగరికత దాచిపెట్టిన పెట్టె దొరుకుతుంది. అందులోని జ్ఞానంతో వామన్ అనే రోబోను తయారు చేస్తారు. ఆ నాగరికత ఎందుకు అంతరించిందన్న ప్రశ్న నవలంతా వెంటాడుతుంది. మూడడుగులు అడిగిన వామనుడి కథ తెలిసిన పిల్లలకి ఆ పేరు వినగానే అనుమానం మొదలవుతుంది.

మా దగ్గర ఈ కథకి ఇంకో బలం ఉంది. సిరొంచ తాలూకాలోని పోచంపల్లి దగ్గరే బారపాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. ఇప్పుడా అస్థిపంజరం కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. పొలం కింద ఇంకో లోకం ఉందంటే మా పిల్లలు వెంటనే నమ్ముతారు.

గోపాల్‌పూర్ గాలి

ఈయన చెప్పింది చాలా ముఖ్యం. ఒడియాలో గోకులానంద మహాపాత్ర ఉన్నారు. కెమిస్ట్రీ ప్రొఫెసర్. ఆయన 'పృథిబీ బాహారె మణిష' మీ పిల్లలు నేరుగా చదువుకోగలరు. మీరు వినిపించేది ఒకటి, వాళ్లు ఇంటికి తీసుకెళ్లి చదివేది ఒకటి ఉండనివ్వండి. వినడంతోనే ఆగిపోతే పాఠకులు తయారవరు.

ఇంకో రెండు చిన్నవి. జగదీశ్ చంద్ర బోస్ 1896లో బెంగాలీలో రాసిన కథ ఒకటి ఉంది. కలకత్తా మీదికి వస్తున్న తుఫాను ఉన్నట్టుండి మాయమవుతుంది. శాస్త్రవేత్తలకి అంతుపట్టదు. సముద్రంలో ఓడ మీద ఒకాయన తలనూనె సీసా అలల మీద ఒంపాడు, అదీ సంగతి. ఆ కథ రాసింది ఒక తలనూనె కంపెనీ పెట్టిన పోటీకి. నూనె పొర నీటి మీద అలల్ని తగ్గిస్తుందన్నది మాత్రం నిజమైన సైన్సే. రెండోది బేగం రొకేయా 'సుల్తానాస్ డ్రీమ్', 1905లో మద్రాసు పత్రికలో వచ్చింది. ఆడవాళ్లు ఏలే దేశం, ఇంటి లోపల ఉండిపోయే మగవాళ్లు, సూర్యుడి వేడిని పట్టి వాడుకునే యంత్రాలు. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

రాయగడ లెక్కల మాస్టారు

తెలుగులో ఏమీ లేనట్టు మాట్లాడుతున్నారు. యండమూరి 'చీకట్లో సూర్యుడు' మా తరం ఎగబడి చదివింది. నండూరి రామమోహనరావు గారి 'విశ్వరూపం' నవల కాదు గానీ, ఆ పుస్తకం లేకపోతే నాలాంటి వాళ్లకి ఆకాశం మీద ఆసక్తే పుట్టేది కాదు. 1991లో 'ఆదిత్య 369' చూసి కాలయంత్రం గురించి అడగని పిల్లాడు లేడు మా క్లాసులో. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన 'ది టైమ్ మెషిన్' వాళ్లకి అప్పుడే చెప్పాను. నూరు పేజీలు దాటి ఎక్కువ లేదు, కథ పరుగెడుతుంది. దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

సునాబెడ ఫిట్టరు

వెల్స్‌కి నేనూ సరే. చైనా నవల 'త్రీ బాడీ ప్రాబ్లమ్' గురించి మా మనవడు ఒకటే పోరు. చదివాను. మూడు సూర్యుళ్ల ఊహ గొప్పది. కానీ మొదట్లోనే, సాంస్కృతిక విప్లవం రోజుల్లో కూతురి కళ్లముందే ఫిజిక్స్ ప్రొఫెసర్‌ని కొట్టి చంపుతారు. అది లేకపోతే ఆ అమ్మాయి తర్వాత చేసే పని అర్థం కాదు. చిన్నపిల్లల మధ్య అది చదవలేం.

కిమిడి పాఠకుడు

అందరి మాటా విని ఇలా అనుకుంటున్నాం. మొదటి ఆదివారం బోస్ తుఫాను కథ. పిల్లలు ఈ తరహాకి అలవాటు పడతారు. రెండో వారం నుంచి రామా. ప్రతి వారం చివర్లో కాసేపు మాస్టారు లెక్క చేయిస్తారు. రాయగడ నుంచి ప్రతి వారం రావడం కష్టం, ఫోన్‌లో అయినా సరే. నెలకొక శనివారం కాలేజీ వాళ్లకి ఇషిగురో, గుణుపురం అక్క వచ్చి చెప్తే. గోకులానంద మహాపాత్ర పుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉంటే పిల్లలకి ఇవ్వడానికి కావాలి, పాతవైనా పర్వాలేదు. లె గ్విన్ చలికాలానికి.

గుణుపురం నర్సు

డ్యూటీ మార్చుకుని వస్తాను. నాకు చెప్పే అవకాశం ఇస్తే పారిపోరేం అన్న ప్రశ్న పిల్లల చేతే అడిగిస్తాను. ఫిట్టరు బాబాయి గారు కూడా ఆ రోజు లైన్లో ఉండాలి.

సునాబెడ ఫిట్టరు

ఉంటానమ్మా. ఒప్పుకుంటానని మాత్రం అనుకోకు.

గోపాల్‌పూర్ గాలి

చలికాలం మాట రాసి పెట్టుకున్నాను, మర్చిపోనివ్వను. రామాలో జిమ్మీ పాక్ అధ్యాయాలు నాకు ఇవ్వండి, నేను బరంపురం నుంచి బస్సెక్కి వచ్చి చెప్తాను. తొక్కుతూ ఎగిరే సైకిలు లాంటి యంత్రం మీద కుర్రాడు ఒక్కడే, బరువు లేని ఇరుసు వెంట అవతలి చివరిదాకా వెళ్తాడు. అక్కడ మెరుపులు మొదలై కింద పడిపోతాడు, తిరిగి రావడానికి దారి ఉండదు. క్లార్క్ రాయకుండా వదిలేసిన భయం ఎంత ఉందో అదంతా నేను చెప్తాను. మాస్టారికి అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి.

రాయగడ లెక్కల మాస్టారు

అభ్యంతరం లేదు. అతను పడేటప్పుడు వేగం ఎంతో మాత్రం నేను చెప్తాను.